విన్నవాళ్ల విశ్వాసం

(యువజన కూటంలో చేసిన ప్రసంగ పాఠం. చివర సభలో అడిగిన రెండు ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ వందనాలు. అయ్యగారు నాకిచ్చిన అంశం "విశ్వాసం, అద్భుతాలు". మొదటే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే మీలో కొందరు గంటసేపూ టెన్షన్ పడతారు. దేవుడు అద్భుతాలు చేయడని చెప్పడానికి నేను రాలేదు. బైబిల్లో రాసినవి జరిగాయనే నమ్ముతాను. ఇప్పటికీ ఆయన చేయగలడనే నమ్ముతాను. నేను అడగాలనుకున్నది వేరు. మన విశ్వాసం దేని మీద నిలబడి ఉంది? చూసినదాని మీదా, విన్నదాని మీదా?

ఇప్పుడు ఎందుకు అడుగుతున్నానంటే, మీ ఫోన్లు ఒకసారి చూసుకోండి. కుంటివాడు లేచాడు, గడ్డ కరిగిపోయింది, వీసా వచ్చేసింది. థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం. ఊళ్లో గోడ మీద కూటాల పోస్టర్ చూడండి, "అద్భుతములు జరుగును" అన్న అక్షరాలు అడుగు ఎత్తుంటాయి. ఏ వాక్యభాగం మీద మాట్లాడతారో ఆ పోస్టర్లో ఎక్కడా ఉండదు. నాకు ఇందులో బాధ కలిగించేది మోసం ఒక్కటే కాదు. మోసం లేనిచోట కూడా, నిజాయితీగా సేవ చేసేవాళ్ల దగ్గర కూడా, జనం చెవులు మూసుకుని కళ్లు మాత్రమే తెరుచుకుని వస్తున్నారు.

యోహాను సువార్త నాలుగో అధ్యాయం తీయండి. ఈ అధ్యాయంలో మనందరికీ తెలిసిన సమరయ స్త్రీ ఉంది, బావి ఉంది. ఆ తర్వాత జరిగినదాన్ని మాత్రం మనం తొందరగా దాటేస్తాం. ఆ స్త్రీ చెప్పింది విని సుఖారు ఊరివాళ్లు యేసును తమ దగ్గర ఉండమని వేడుకున్నారు. ఆయన రెండు రోజులు ఉన్నాడు. ఆ రెండు రోజుల్లో ఏం చేశాడు? ఒక్క గుడ్డివాడికి చూపు వచ్చిందని గానీ, ఒక్క జ్వరం తగ్గిందని గానీ యోహాను రాయలేదు. ఆయన మాటలు విని ఇంకా అనేకులు నమ్మారని మాత్రమే రాశాడు. వాళ్లు ఆ స్త్రీతో ఏమన్నారో చూడండి: ఇక నీవు చెప్పిన మాటను బట్టి కాదు, మామట్టుకు మేమే విని నమ్ముతున్నాం, ఈయన నిజంగా లోకరక్షకుడని తెలుసుకున్నాం. సువార్తలన్నీ వెతకండి, "లోకరక్షకుడు" అనే మాట ఇంకెవరి నోటి నుంచీ రాలేదు. యెరూషలేము పండితులు అనలేదు, గలిలయ జాలరులు అనలేదు. యూదులు గ్లాసు నీళ్లు కూడా ముట్టని సమరయులు అన్నారు. ఏ సూచకక్రియా, అంటే ఏ అద్భుతమూ, చూడకుండా అన్నారు.

దాని వెంటనే గలిలయ వస్తుంది. గలిలయవాళ్లు ఆయన్ని చేర్చుకున్నారట. ఎందుకు? పండుగకు యెరూషలేము వెళ్లినప్పుడు ఆయన చేసినవన్నీ చూశారు కాబట్టి. సమరయవాళ్లు విన్నారు, వీళ్లు చూశారు. యోహాను ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టాడు, ఏ వ్యాఖ్యానమూ చేయలేదు. చదివేవాడికి వదిలేశాడు.

ఇప్పుడు ప్రధాని దగ్గరికి వద్దాం. నాకు ఈ అధ్యాయంలో అందరికంటే ఇష్టమైన మనిషి ఇతనే. రాజు కొలువులో పనిచేసే అధికారి. కపెర్నహూములో కొడుకు చావుబతుకుల్లో ఉన్నాడు. యేసు కానాలో ఉన్నాడని విని వచ్చాడు. కానా కొండల్లో ఉంటుంది. కపెర్నహూము గలిలయ సముద్రం ఒడ్డున, సముద్ర మట్టానికి 200 మీటర్ల దిగువన ఉంటుంది. మధ్యలో సుమారు 25, 30 కిలోమీటర్ల దారి, వచ్చేటప్పుడు అంతా ఎక్కుడు. కన్నకొడుకు మంచం మీద ఉంటే తండ్రి ఆ దారి ఎక్కి వచ్చాడు. వస్తే యేసు ఏమన్నాడు? "సూచకక్రియలను మహత్కార్యములను చూడకుంటే మీరెంతమాత్రము నమ్మరు."

కఠినంగా లేదూ? ఆ స్థితిలో ఉన్న తండ్రితో అనాల్సిన మాటేనా అనిపిస్తుంది. ఆ తండ్రి వాదించలేదు. నా కొడుకు చావకముందే రా ప్రభువా అన్నాడు. అంటే, నువ్వు వచ్చి, వాడి పక్కన నిలబడి, చెయ్యి వేయాలి, నేను చూడాలి. యేసు వెళ్లలేదు. నూనె ఇవ్వలేదు, రుమాలు ఇవ్వలేదు. ఒక్క మాట ఇచ్చాడు: "నీవు వెళ్లుము, నీ కుమారుడు బ్రదికియున్నాడు." ఆ మనుష్యుడు యేసు తనతో చెప్పిన మాట నమ్మి వెళ్లిపోయాడని రాసి ఉంది.

ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం. దారిలో దాసులు ఎదురొచ్చి కొడుకు బతికాడని చెప్పారు. ఏ గంటకు నయమైందని అడిగాడు. "నిన్న ఒంటిగంటకు" అన్నారు. నిన్న! అంటే మధ్యలో ఒక రాత్రి గడిచింది. ఆ రాత్రి ఆయన ఎక్కడ పడుకున్నాడో, నిద్ర పట్టిందో లేదో యోహాను చెప్పడు. ఫోన్ లేదు, వీడియో కాల్ లేదు. కొడుకు బాగున్నాడని చెప్పే మనిషి ఇంకా ఎదురు పడలేదు. అప్పుడు ఆయన దగ్గర ఉన్నది చెవిలో పడిన ఒకే ఒక్క వాక్యం. అద్భుతం అప్పటికే జరిగిపోయింది, కానీ ఆయనకు తెలియదు. జరిగిన అద్భుతం ఆయనకు ఆ రాత్రి ఏ విధంగానూ సహాయం చేయలేదు. ఆయన్ని నడిపించింది మాటే. మీరు జాగ్రత్తగా చూస్తే, ఈ కథలో "నమ్మి" అనే మాట రెండుసార్లు వస్తుంది. కొడుకు బతికాడని తెలిశాక ఇంటివారందరితో కలిసి నమ్మాడు. కానీ అంతకంటే ముందే, ఏమీ తెలియనప్పుడే ఒకసారి నమ్మాడు. నేను పెద్దదనుకునేది ఆ మొదటిదాన్నే.

చూసి నమ్మినవాళ్ల సంగతి యోహానుకు బాగా తెలుసు. రెండో అధ్యాయం చివర, సూచకక్రియలు చూసి అనేకులు నమ్మారట, అయితే యేసు తనను తాను వాళ్ల వశం చేసుకోలేదట. వాళ్లు ఆయన్ని నమ్మారు, ఆయన వాళ్లను నమ్మలేదు! ఆరో అధ్యాయంలో అయిదు వేలమంది పురుషులు రొట్టెలు తిన్నారు. మరునాడే వచ్చి, మేము నిన్ను నమ్మడానికి ఏ సూచకక్రియ చేస్తావని అడిగారు. నిన్నటి రొట్టె ఇంకా అరిగిందో లేదో. ఆ అధ్యాయం చివరికి చాలామంది శిష్యులు వెనక్కి తీశారు. మిగిలిన పన్నెండుమందిని మీరూ వెళ్తారా అని అడిగితే పేతురు ఏమన్నాడు? నువ్వు రొట్టెలు పెట్టావు కదా, నీళ్ల మీద నడిచావు కదా అనలేదు. "నీవే నిత్యజీవపు మాటలు గలవాడవు" అన్నాడు. నీళ్ల మీద నడవడం ముందు రాత్రి తన కళ్లతో చూసినవాడు అన్నమాట ఇది.

ప్రభువు తిరిగి లేచాడంటే, చూస్తేగానీ నమ్మనన్న తోమా గురించి అడుగుతారని తెలుసు. తోమాను మనం అనవసరంగా ఎక్కువ తిడతాం. మిగతా పదిమందికి ప్రభువు చేతులూ ప్రక్కా చూపించాడు, ఆయనకూ అదే కావాలన్నాడు, అంతే కదా. తోమా తప్పిందెక్కడంటే, మేము ప్రభువును చూశామని పదిమంది చెప్పినా వాళ్ల మాట తీసుకోలేదు. మూడేళ్లు కలిసి తిరిగినవాళ్ల సాక్ష్యం చాలలేదు. మన సంగతి ఆలోచించండి. ఆ పదిమంది మాట చాలకపోతే మనకు వేరే దారి లేదు. అందుకే ప్రభువు "చూడక నమ్మినవారు ధన్యులు" అన్న మాట తర్వాత యోహాను కలం ఆపకుండా, ఇంకా అనేక సూచకక్రియలు ఉన్నాయి, మీరు నమ్మేలా ఇవి రాశాను అంటాడు. అంటే చనిపోయిన లాజరును సమాధిలోంచి లేపిన అద్భుతం కూడా మన దగ్గరికి అద్భుతంగా రాలేదు, మాటగా వచ్చింది. ఎవరో చదివితే విన్నాం.

ఇక్కడ కొంతమంది పౌలును అడ్డం పెడతారు. "అన్నా, దమస్కు దారిలో పౌలుకు వెలుగు కనబడలేదా?" కనబడింది. కనబడిన తర్వాత ఏమైంది? చూపు పోయింది. మూడు రోజులు ఏమీ చూడలేదు. మిగిలింది స్వరం. ఆ తర్వాత కూడా దమస్కులో ఒక మామూలు శిష్యుడు, అననీయ, ఇంటికి నడుచుకుంటూ వచ్చి మాట్లాడాల్సి వచ్చింది.

రోమా సైన్యంలో శతాధిపతి అయిన కొర్నేలీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. కైసరయలో ఇంట్లో ప్రార్థన చేసుకుంటుంటే దేవదూత వచ్చాడు. దూతే సువార్త చెప్పేస్తే పని అయిపోయేది. చెప్పలేదు. యొప్పేకు మనుషుల్ని పంపి, సముద్రం పక్కన చర్మకారుడైన సీమోను ఇంట్లో దిగిన పేతురును పిలిపించుకో అన్నాడు. పేతురేమో అన్యుల ఇంటికి వెళ్లాలా అని తటపటాయించే మనిషి. పరలోకం నుంచి వచ్చినవాడు నోరు కట్టుకున్నాడు, ఒకప్పుడు ప్రభువును ఎరుగనని బొంకిన జాలరి నోరు తెరవాల్సి వచ్చింది. పేతురు ఇంకా మాట్లాడుతుండగానే ఆ బోధ విన్నవాళ్లందరి మీదికి పరిశుద్ధాత్మ దిగాడు. దూతను చూసినప్పుడు దిగలేదు.

ఇప్పుడు రోమా 10:17. "వినుట వలన విశ్వాసము కలుగును; వినుట క్రీస్తును గూర్చిన మాటవలన కలుగును." మనకు కంఠతా వచ్చు. ఈ మాట మొదటిసారి రోమాలో ఎలా చేరిందో ఊహించారా? పౌలు అప్పటికి రోమా చూడలేదు. ఆయన చెబుతుంటే తెర్తియు రాశాడు. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే ఆ పత్రిక పట్టుకెళ్లిందని చాలామంది పండితులు అంటారు. అక్కడ ఇళ్లలో కూడుకున్నవాళ్లలో బానిసలు, కూలీలు, చదువు రానివాళ్లే ఎక్కువ. ఒకరు బయటికి చదివితే మిగతావాళ్లు విన్నారు. పౌలు ముఖం కూడా వాళ్లలో చాలామందికి తెలియదు. ఒక మాట ఒప్పుకోవాలి, విన్నవాళ్లందరూ నమ్ముతారని పౌలు చెప్పడం లేదు. దానికి ముందు వచనంలోనే, అందరూ సువార్తకు లోబడలేదని, మేము చెప్పిన సమాచారం ఎవడు నమ్మాడని యెషయా మొత్తుకున్నాడని గుర్తు చేస్తాడు. వినడం మంత్రం కాదు. కానీ విశ్వాసం వచ్చే దారి అదే.

ఇంత దూరం పాలస్తీనాలో తిరిగాం. ఇప్పుడు గుండ్లకమ్మ ఒడ్డుకు వద్దాం. మన తెలుగు సంఘాల చరిత్రలో నేను మళ్లీ మళ్లీ చదివే భాగం 1866 నుంచి 1878 వరకు ఒంగోలులో జరిగింది.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1836 నుంచి తెలుగువాళ్ల మధ్య పనిచేస్తోంది, 1840 నుంచి నెల్లూరు కేంద్రంగా. ఏళ్లు గడిచినా ఫలితం చాలా కొద్ది. మూసేద్దామా అని వాళ్లలో వాళ్లు ఒకటికి రెండుసార్లు చర్చించుకున్నారు కూడా. ఆ మిషనరీల్లో ఒకడైన జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. అదే ఏడాది బాప్తిస్మం తీసుకున్న మనిషి యెర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. అంతకుముందు యోగమార్గంలో దేవుణ్ణి వెతికినవాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరగడం ఆయనకు అలవాటే. నమ్మిన తర్వాత అవే ఊళ్లకు, అవే పల్లెలకు, అదే బంధువర్గానికి వెళ్లి చెప్పాడు. దొర చెప్పినదానికంటే పేరయ్యలాంటి వాళ్లు రాత్రిపూట పల్లెలో కూర్చుని చెప్పిందే ఎక్కువ పని చేసింది. వినేవాళ్లలో చాలామందికి అక్షరం రాదు. ఎవరూ వాళ్లను బడిలోకి రానివ్వలేదు. కథ వినడం, పాట పట్టుకోవడం మాత్రం తరతరాలుగా వచ్చిన విద్య. ఒకసారి విన్నది పొల్లుపోకుండా మళ్లీ చెప్పేవాళ్లు.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876, 77, 78. మన ముత్తాతల కాలం నుంచి ఆ పేరు చెబితే పెద్దవాళ్లు మాట మార్చేవారు. ఆ కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. ఇంజనీరింగ్ తెలిసినవాడు కాబట్టి చేయగలిగాడు. వేలమందికి కూలి దొరికింది. తెలుగు బోధకులే మేస్త్రీలు. జనం విశ్రాంతికి కూర్చున్నప్పుడు వాళ్ల మధ్య కూర్చుని వాక్యం చెప్పేవాళ్లు. అక్కడ ఎక్కువగా వినబడిన వచనం "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి." మట్టి తట్ట నెత్తిన పెట్టుకున్నవాడికి ఆ మాటకు అర్థం విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ కాలంలో ఎంతమంది అడిగినా క్లౌ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమోనని. ఏడాదికి పైగా ఆపేశాడు. కరువు సహాయం ముగింపుకొచ్చాక మళ్లీ మొదలుపెడితే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున వంతులు మారుతూ. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు.

ఇదంతా కేవలం వాక్యం వల్లనే అంటే చరిత్రకు అన్యాయం చేసినట్టు. అంటరానితనం ఉంది, ఆకలి ఉంది, మనిషిగా చూసినవాళ్ల దగ్గరికి మనిషి వెళ్తాడు. ఈ కారణాలను మనం దాచిపెట్టక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు. అయితే నేను అడిగేది ఒకటి. వాళ్లేం చూశారు? కరువు చూశారు. శవాలు చూశారు. కళ్లకు కనబడినదాన్ని బట్టి నమ్మాలంటే దేవుడు లేడనే నమ్మాలి. వాళ్లు పన్నెండేళ్లుగా పల్లెల్లో విన్న మాటలు పట్టుకుని నదిలోకి దిగారు. మనలో ఎంతమంది ఇంటి పేర్లు ఆ రోజు గుండ్లకమ్మలో తడిశాయో! వాళ్ల మునిమనవలం మనం, ఇవాళ ఒక స్వస్థత వీడియో చూడందే ఆదివారం గడవడం లేదు.

ద్వితీయోపదేశకాండం 13 కూడా ఒకసారి ఇంటికెళ్లి చదవండి. ఎవడైనా సూచకక్రియ చేసి, అది నిజంగా జరిగినా సరే, వేరే దేవతల వెంట వెళ్దామంటే వాడి మాట వినొద్దు అని ఉంది. మనం ఇవాళ తిప్పేశాం. "బ్రదర్, నిజంగా జరిగిందండీ, నేను చూశాను" అనగానే నోరు మూసుకుంటున్నాం. జరిగిందా లేదా అన్నది మోషే దగ్గర మొదటి ప్రశ్న కాదు. వాడు ఏం చెబుతున్నాడు, ఎవరి వైపు తీసుకెళ్తున్నాడు అన్నది ప్రశ్న. అద్భుతాన్ని వాక్యంతో కొలవాలి.

మార్టిన్ లూథర్ హెబ్రీ పత్రిక మీద పాఠాలు చెబుతూ క్రైస్తవుడికి చెవులు మాత్రమే అవయవాలు అన్నాడు. లూథర్‌కు ఇలా కుండ బద్దలుకొట్టడం మామూలే. మరి వినికిడి లేనివాళ్ల సంగతేంటి? ఇది చిన్న ప్రశ్న కాదు, మన సంఘాల్లో వాళ్లను వెనక బెంచీలో కూర్చోబెట్టి మర్చిపోతున్నాం కాబట్టి అడుగుతున్నాను. 2020లో అమెరికన్ సంజ్ఞా భాషలో బైబిలు మొత్తం పూర్తయింది. వాళ్లు చేతుల్ని చూస్తారు, నిజమే. కానీ వాళ్లకు అందేది వింత కాదు, వాక్యమే. మనం చెవితో తీసుకున్నదే వాళ్లు కంటితో తీసుకుంటున్నారు. కాబట్టి ఇక్కడ తగాదా కంటికీ చెవికీ మధ్య కాదు. దేవుడు చెప్పినదాన్ని తీసుకుంటావా, లేక దేవుడికి పరీక్ష పెట్టి పాసయితే నమ్ముతావా, అదీ సంగతి. మీలో ఎవరికైనా సంజ్ఞా భాష నేర్చుకునే ఓపిక ఉంటే కూటం అయ్యాక అయ్యగారిని కలవండి.

ఇక ప్రశ్నలకు వద్దాం.

ప్రశ్న: అన్నా, మా పిన్నికి క్యాన్సర్. ఒక కూటంలో ప్రార్థన చేయించాం. తగ్గలేదు. మీకు విశ్వాసం చాలదన్నారు. ఆమె అప్పటి నుంచి ప్రార్థన మానేసింది. ఏం చెప్పాలి?

జవాబు: ముందు, అలా అన్నవాళ్ల తరఫున మీ పిన్నిగారికి నేను చెప్పగలిగింది, వాళ్ల మాట బైబిలు మాట కాదని. పౌలు ఎంతోమందిని బాగు చేశాడు. కానీ త్రోఫిము రోగియైతే మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. తిమోతి కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. ఎవరికీ విశ్వాసం లేదని రాయలేదు. తన శరీరంలో ముల్లు తీసేయమని తానే మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. పౌలుకే స్వస్థత బదులు మాట వచ్చిందంటే మీ పిన్నిగారు తక్కువైపోలేదు. డాక్టర్ చెప్పిన చికిత్స ఆపొద్దు, ఎవరు ఆపమన్నా సరే. మీ సంఘ పెద్దల్ని ఇంటికి పిలవండి, యాకోబు పత్రికలో చెప్పినట్టు వచ్చి ప్రార్థన చేస్తారు. ఆమె ప్రార్థన చేయలేకపోతే బలవంతం చేయకండి. మీరు పక్కన కూర్చుని చదవండి. కీర్తన 88 నుంచి మొదలుపెట్టండి. అది చీకట్లో మొదలై చీకట్లోనే అయిపోతుంది, దాన్ని కూడా దేవుడే బైబిల్లో ఉంచాడు. విశ్వాసం లేదన్న నిందతో కుమిలిపోతున్న మనిషికి అలాంటి ప్రార్థన ఒకటుందని తెలియడం మంచిది.

ప్రశ్న: అయితే ఆదివారం సాక్ష్యాల సమయం తీసేయాలా?

జవాబు: ఎందుకు తీసేయాలి? ప్రధాని కూడా ఇంటికెళ్లి చెప్పి ఉంటాడు కదా, లేకపోతే ఇంటివారందరూ ఎలా నమ్మారు. తీసేయొద్దు. కానీ ఒక పని చేయండి. స్వస్థత పొందినవాళ్లకే మైక్ ఇస్తున్నాం. నాలుగేళ్లుగా డయాలసిస్‌కు వెళ్తూ కూడా ఆరాధనకు వచ్చే మనిషి మీ సంఘంలో ఉంటారు. ఉద్యోగం రాకపోయినా, పెళ్లి కుదరకపోయినా పాట పాడేవాళ్లుంటారు. ఏ వాక్యం పట్టుకుని వస్తున్నారో వాళ్లను కూడా అడగండి. చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయండి. చెబుతామంటే, వీసా సాక్ష్యానికి కొట్టినట్టే దానికీ చప్పట్లు కొట్టండి. వచ్చే ఆదివారం నుంచే మొదలుపెట్టొచ్చు, కమిటీ తీర్మానం అక్కర్లేదు. టైమ్ అయిపోయింది, భోజనాలు చల్లారిపోతున్నాయని వెనక నుంచి సైగ చేస్తున్నారు. వందనాలు.